నీళ్లల్ల గూడ లొల్లేనా?

కాప్రా చెరువు కట్ట మీద నిలబడి చూస్తే నీళ్లు సప్పుడు లేకుంట ఉన్నట్టే కొడ్తది. లోపలున్నోళ్లకు మాత్రం గట్లుండదు. మన చెరువులల్ల పెంచే బొచ్చె, రవ్వు చేపలకు కడుపుల గాలితిత్తి ఉంటది. గా తిత్తి నుంచి చెవి దాంక సన్నటి ఎముకల గొలుసు ఉంటది. సప్పుడైతే తిత్తి అదురుతది, గా అదురు చెవికి చేరుతది. గందుకే వీటికి శాన చేపల కన్నా మంచిగ ఇనొస్తది.

మరి కట్ట మీద డీజే పెడితే చేపలకేమైతది? గాలిల పుట్టిన సప్పుడు నీళ్లకు తగిలి దగ్గరదగ్గర అంత వాపసే పోతది. గా డీజేతోని చేపల కన్నా మన చెవులకే ఎక్కువ ఖతర్నాక్. నీళ్లల్లనే పుట్టిన సప్పుడు కథ వేరు. గాలిల సెకనుకు 340 మీటర్లు పోయే సప్పుడు, నీళ్లల్ల 1500 మీటర్ల దాంక ఉరుకుతది.

సముద్రంల చూపు ఎక్కువ దూరం ఆనది, చెవే దిక్కు. కాకినాడ దిక్కు వలల పడితే లక్షలు పలికే కచిడి చేప ముచ్చట మీరు ఫోన్లల్ల చూసే ఉంటరు. గంత ధర వచ్చేది దాని గాలితిత్తికే. గా తిత్తే దాని డప్పు గూడ! కచిడి జాతి చేపలు కండరాలతోని తిత్తిని గబగబ అదిరిచ్చి గుర్రుగుర్రుమంటయ్. గుడ్లు పెట్టే కాలంల తోడును పిలిచేది గిట్లనే. గా టైంల పక్కపొంటి ఓడ పోతే పిలుపు మోతల కలిసిపోతది.

ఓడ లొల్లి ఇంజన్‌ది ఒక్కటే కాదు. వెనక పంకా జోరుగ తిరుగుతుంటే నీళ్లల్ల బుడగలు పుట్టి పగుల్తయ్, అసలు మోత గదే. దీన్ని హైడ్రోఫోన్ అనే నీటి మైకు దించి రికార్డు చేస్తరు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కెనడాల ఫండీ అఖాతంల ఓడలు తగ్గినయ్. నీళ్లల్ల మోత 6 డెసిబెల్స్ పడిపోయింది. గప్పుడు అక్కడి రైట్ తిమింగలాల పెంట పరీక్ష చేస్తే, ఒత్తిడి హార్మోన్లు గూడ తగ్గినయని తేలింది. నవ్వకుండ్రి, తిమింగలానికి సూది గుచ్చి రక్తం తీసుడు ఎవనితోనైతది? గా లెక్క 2012ల అచ్చయింది. ఎవ్వలు అనుకోని చేసిన ప్రయోగం కాదది, గందుకే నాకు ఎక్కువ నమ్మబుద్ధైతది.

ఇలాజు పెద్ద కష్టం గాదు. పంకా సాఫ్ చేసి పెట్టుకోవాలె, చేపలు, తిమింగలాలు ఉన్న జాగల ఓడ మెల్లగ పోవాలె. అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ 2014లనే గిసొంటి సూచనలిచ్చింది. కాకపోతే అవి సలహాలే, రూల్ గాదు. సరుకు జల్ది దించాలనే తొందరల ఉన్న ఓడ ఓనరు సలహా ఇని స్పీడు తగ్గిస్తడా?