తుపాకీ ఆచూకీ చెబుతారు, దుకాణం లెక్క చెప్పరు

1,020. అమెరికా తుపాకుల గొడవలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అంకె ఇదే. అక్కడి తుపాకుల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పటి డీలర్లు 83,200 మంది. 1998లో నేరాల దర్యాప్తులో దొరికి, ఇంకా వ్యాపారంలో ఉన్న డీలరు దాకా ఆచూకీ అందిన తుపాకుల్లో 57 శాతం ఈ 1,020 మంది అమ్మినవే. అంటే డీలర్లలో 1.2 శాతం. ఎక్కువ అమ్మే షాపు పేరు ఎక్కువసార్లు రావడం సహజమే, కాబట్టి ఈ లెక్క ఎవరినీ దోషిగా తేల్చదు. తనిఖీ ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం చూపిస్తుంది.

2003లో కాన్సాస్‌కు చెందిన రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు టాడ్ టీహార్ట్ బడ్జెట్ బిల్లులో ఒక నిబంధన చేర్పించారు. దాంతో ఆచూకీ వివరాలు ప్రజలకు అందకుండా పోయాయి. తర్వాతి ఏళ్లలో సివిల్ దావాల్లో వాటిని సాక్ష్యంగా వాడకుండా అడ్డుకట్ట పడింది. పోలీసులకు కూడా తమ పరిధిలోని కేసు వరకే ఇచ్చారు. 2006లో న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్, బోస్టన్ మేయర్ మెనినో కలిసి మేయర్ల కూటమి కట్టి దీనిపై పోరాడారు. 2008, 2010 బడ్జెట్లలో పోలీసులకు కొంత వెసులుబాటు దొరికింది. పోలీసులే ఇందులో రెండుగా చీలారు. పోలీసు ఉద్యోగుల అతి పెద్ద సంఘం నిబంధనను సమర్థించింది. వివరాలు బయటికి పొక్కితే మారువేషంలో పనిచేసే అధికారుల ప్రాణాలకు ముప్పని వాదించింది. పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘం మాత్రం వ్యతిరేకించింది. ఉద్యోగుల సంఘం భయం నిజమైనదే. కానీ దానికి నడుస్తున్న కేసుల వివరాలు దాస్తే చాలు, మొత్తం లెక్కకు తాళం వేయనక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు ఆచూకీ తీయడం ఎలాగో చూడండి. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఏటీఎఫ్ సిబ్బంది తుపాకీ సీరియల్ నంబరు పట్టుకుని తయారీదారుకు, అక్కడినుంచి హోల్‌సేలరుకు, ఆ తర్వాత షాపుకు ఫోన్ చేస్తారు. షాపు 24 గంటల్లో జవాబివ్వాలి. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో మొదటి కొనుగోలుదారు పేరు దొరుకుతుంది, జాడ అక్కడితో ఆగుతుంది. షాపు మూతపడి ఉంటే దాని కాగితాలు అట్టపెట్టెల్లో మార్టిన్స్‌బర్గ్ చేరి ఉంటాయి. 2021 నాటికి అలా పోగైన రికార్డులు దాదాపు 92 కోట్లు. చాలావాటిని స్కాన్ చేశారు కానీ పేరు కొట్టి వెతికే వీల్లేదు. జాతీయ రిజిస్ట్రీని 1986 నాటి చట్టం నిషేధించింది మరి. అందుకే సిబ్బంది తెరమీద పేజీ తర్వాత పేజీ తిప్పుతూ కళ్లతో వెతుకుతారు.

ఇది మనకూ సంబంధించిన విషయమే. పార్ట్‌టైమ్ పనిచేస్తూ పెట్రోలు బంకుల్లో, స్టోర్లలో తూటాలకు బలైన తెలుగు విద్యార్థుల వార్తలు మనమూ చదివాం. 2017-21 మధ్య కొనుగోలుదారు దాకా జాడ తెలిసిన తుపాకుల్లో దాదాపు 46 శాతం, అమ్మిన మూడేళ్లలోపే నేరంలో తేలాయి. ఇంత త్వరగా నేరంలో తేలడాన్ని ఏటీఎఫ్ అక్రమ రవాణాకు సూచనగా చూస్తుంది. అలాంటి తుపాకులు ఒకే షాపునుంచి పదేపదే వస్తున్నా, బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం ఆ షాపుపై దావా వేస్తే ఏటీఎఫ్ దగ్గరున్న ఆ లెక్క కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.