బృంద పరిశోధనలో ఐచ్ఛిక సమీక్షా ఘట్టములు

విశ్వవిద్యాలయ విద్యలో నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఒక పరిశోధన చేసి, చివరికి ఒకే నివేదిక సమర్పించే పద్ధతి ఉన్నది. మార్కులు వచ్చునాటికి లోపములను దిద్దుకొనుటకు సమయము మిగలదు. ఈ చిక్కును తొలగించుటకు కొందరు అధ్యాపకులు మధ్యలో కొన్ని తేదీలను నిర్ణయించుచున్నారు. ఆ తేదీలకు బృందము తన పనిని చూపి సలహా పొందవచ్చును. చూపకపోయినను మార్కులు తగ్గవు. వీటినే ఐచ్ఛిక సమీక్షా ఘట్టములు అనవచ్చును.

1. మార్కులు లేని సమీక్ష ఎందుకు?

1967లో మైకేల్ స్క్రివెన్ మూల్యాంకనమును నిర్మాణాత్మకము, సంగ్రహణాత్మకము అని రెండుగా విభజించారు. మొదటిది జరుగుచున్న పనిని బాగుచేయుటకు. రెండవది ముగిసిన పని విలువను నిర్ణయించుటకు. 1988లో రూత్ బట్లర్ ఇశ్రాయేలు పాఠశాల విద్యార్థులపై చేసిన అధ్యయనమును ప్రచురించారు. అందులో వ్యాఖ్యలు మాత్రమే పొందినవారు తరువాతి పనిలో మెరుగుపడ్డారు. వ్యాఖ్యలతోపాటు మార్కులు కూడ పొందినవారిలో ఆ మెరుగుదల కనబడలేదు. వారు చిన్నపిల్లలు గనుక ఆ ఫలితమును విశ్వవిద్యాలయమునకు యథాతథముగా అన్వయింపరాదు. అయినను మార్కు వ్యాఖ్యను మింగివేయగలదను హెచ్చరిక మనకును అవసరమే.

2. ఏ ఘట్టములు?

ఒక బృందము గల్ఫ్ దేశములకు వలసవెళ్లినవారి కుటుంబములను గూర్చి పరిశోధించుచున్నదనుకొందము. మొదటి ఘట్టము పరిశోధనా ప్రశ్న. "వలస సమస్యలు" అనునది అతి విశాలము, "భర్త దూరముననున్నప్పుడు ఇంటి నిర్ణయములు ఎవరు తీసుకొనుచున్నారు?" అనునది పరిశోధింపదగినది. రెండవది పూర్వ రచనల సమీక్ష. మూడవది ప్రశ్నావళి. అరవై ఇండ్లు తిరిగిన తరువాత ప్రశ్నలో తప్పు కనబడితే ఆ శ్రమ వ్యర్థము. ముందే కనబడితే ఒక పూటలో సరిదిద్దవచ్చును. నాల్గవది చిత్తుప్రతి. ప్రతి ఘట్టమునకు బృందము ఒక పుట వ్రాతను, తాను తేల్చుకొనలేని ఒక ప్రశ్నను తెచ్చిన చాలును.

3. ఐచ్ఛికమగుటలోని ప్రమాదము

ఐచ్ఛికమైనప్పుడు బాగుగా సాగుచున్న బృందము ధైర్యముగా వచ్చును. చిక్కులోనున్న బృందము సిగ్గుపడి దాగును. సహాయము ఎవరికి ఎక్కువ అవసరమో వారే దానికి దూరమగుదురు. మరియొక చిక్కు బృందములోనే ఉన్నది. త్రాడు లాగువారి సంఖ్య పెరిగినకొలది ఒక్కొక్కరు చూపు బలము తగ్గునని ఫ్రెంచి ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ ప్రయోగములు చూపినవి. అవి 1913లో ప్రచురితమైనవి. అట్లే "ఎవరో ఒకరు చూపించుదురులే" అని అందరును ఊరకుందురు.

గనుక మూడు జాగ్రత్తలు అవసరము. ప్రతి ఘట్టమునకు ఒక సభ్యుడు బాధ్యుడుగా ఉండవలెను. బృందములో ఏ ఒక్కరు కోరినను సమీక్ష జరుగవలెను. లేనియెడల గట్టిగా మాట్లాడువాడు వద్దనిన దినమున మౌనముగా ఉండువాని సందేహము అక్కడే అణగిపోవును. అధ్యాపకుడు మధ్యలో చూచిన తప్పును చివరి మార్కులలో లెక్కింపరాదు.

ముగింపు

సలహా కోరుట ఐచ్ఛికమే గాని, అడిగినవారికి సకాలములో జవాబిచ్చుట అధ్యాపకునికి ఐచ్ఛికము కాదు. చిత్తుప్రతిపై వ్యాఖ్య తుదిప్రతి సమర్పించిన తరువాత చేరినయెడల ఆ ఘట్టము పేరుకు మాత్రమే మిగులును. అపరిపూర్ణమైన పనిని భయము లేకుండ చూపగల స్థలము ఉన్నప్పుడే విద్యార్థి పరిశోధకుడుగా ఎదుగును.