మీకు తెలుసా? సీటు దొరికినా స్పాన్సర్ దొరకలేదు!

పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి సన్న నూలు తీయడంలో మన పొందూరుది అందె వేసిన చెయ్యి. అదే పత్తి మిల్లుల్లో పడి కొన్ని రేసు కార్లకు కూడా పెట్టుబడి పెట్టింది. ఆ ముచ్చట తమిళనాడులోని కోయంబత్తూరుది.

అక్కడి మిల్లుల యజమానుల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్, మారుతీ 800 ఇంజన్ పెట్టి చవకలో ఒంటి సీటు రేసు కారు తయారుచేశారు. అదే ఫార్ములా మారుతీ. విదేశీ కారు కొనే తాహతు లేని కుర్రాళ్లకు అది పెద్ద దారే చూపింది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే.

అదే ఊరి నరైన్ కార్తికేయన్ శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతీతోనే రేసుల్లోకి దిగాడు. తండ్రి పేరున్న ర్యాలీ డ్రైవర్. అంత అండ ఉన్నా, పై మెట్లకు ఇంటి డబ్బు ఆనదు. టైర్లు, ఇంజన్లు, మెకానిక్‌లు, విమాన ఖర్చులు... ఏటికేడు లెక్క పెరుగుతూనే ఉంటుంది. చిన్న జట్లయితే డ్రైవర్నే డబ్బు తెమ్మంటాయి. అందుకే రేసర్ తన హెల్మెట్‌నీ, ఒంటిమీది సూటునీ, కారు ముక్కునీ జానెడు జానెడుగా కంపెనీలకు అమ్ముకోవాలి. ఒకప్పుడు ఈ గోల లేదు: ఇంగ్లండు కారుకు ఆకుపచ్చ, ఇటలీ కారుకు ఎరుపు, ఇలా దేశం రంగే కారు రంగు. 1968లో లోటస్ జట్టు ఒక సిగరెట్ కంపెనీ రంగులు పూసుకున్నాక ఆ ముచ్చట తీరిపోయింది. ఆరోగ్యానికి హానికరమైన సరుకే ఈ ఆటను ఏళ్ల తరబడి పోషించడం చోద్యమే!

నరైన్‌కు 2004 సీజన్‌కి ఇటలీకి చెందిన ఫార్ములా వన్ జట్టు మినార్డి సీటు ఇవ్వజూపింది. అడిగినంత స్పాన్సర్ సొమ్ము పోగవక ఆ అవకాశం చేజారింది. చేతకాక కాదు, చేతిలో లేక! మరుసటి ఏడాది టాటా అండగా నిలిచింది. జోర్డాన్ జట్టు కారెక్కి, 2005 మార్చిలో ఆస్ట్రేలియాలో ఫార్ములా వన్ రేసు నడిపిన తొలి భారతీయుడయ్యాడు.

ఆ జూన్‌లో అమెరికాలోని ఇండియానాపొలిస్ రేసులో మిషెలిన్ టైర్లు ప్రమాదకరమని తేలడంతో 14 కార్లు మొదలవకముందే తప్పుకున్నాయి. మిగిలినవి ఆరే. నరైన్‌ది నాలుగో స్థానం, 5 పాయింట్లు. ఫార్ములా వన్‌లో భారతీయ డ్రైవర్లు సంపాదించిన పాయింట్లు మొత్తం అవే. ఆరు కార్ల రేసులో వచ్చిన పాయింట్లు కూడా ఒక పాయింట్లేనా అని ఎవరైనా మూతి విరిస్తే విరవనివ్వండి. అతని వెనకాల అయిదు, ఆరు స్థానాల్లో వచ్చిన రెండు కార్లూ మినార్డివే.