పేను తప్పు దిండు మీద

పోయిన నెల మా తెలుగు శాఖ అమ్మాయిలం తంజావూరు వెళ్లాం, సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు చూడటానికి. రాత్రి లాడ్జిలో గదికి నలుగురం పడుకున్నాం. తిరిగొచ్చిన వారానికి మా గదిలోని ఒకమ్మాయి తలలో పేలు కనబడ్డాయి. కొందరు లాడ్జి దిండుని తిట్టారు, కొందరు ఆమెని. బెంచీలో ఆమె పక్క చోటు ఖాళీ అయింది. లేచి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

నిజానికి పేను ఎగరదు, దూకదు, పాకుతుంది అంతే. మన తలలోని రక్తమే దాని తిండి. తల వదిలితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. దాని గుడ్డు, అంటే ఈరు, పొదగాలన్నా తల వెచ్చదనం కావాలి. అందుకే దిండు నుంచి రావడం అరుదు. తలకి తల ఆనితేనే ఎక్కువగా ఎక్కుతాయి. ఆ రాత్రి నలుగురం తలలు ఆనించి ఒకే ఫోన్‌లో సినిమా చూశాం కదా!

ఇంకో సంగతి. మొదటిసారి పేలు పడితే దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు కూడా పట్టొచ్చు. మరి ఎవరి నుంచి ఎవరికొచ్చాయో ఎలా చెప్తాం? అమ్మ దువ్వితే నా తలలోంచీ రాలాయి!

లాడ్జిలో ఉతికిన గలీబు అడగండి, మంచిదే. దువ్వెన ఎవరిది వాళ్లదే. పేలుంటే తడి జుట్టుని 3, 4 రోజులకోసారి, కనీసం 2 వారాలు, పేలదువ్వెనతో దువ్వాలి. శుభ్రమైన తలకైనా పేలు పడతాయి.

ఈరుని పేను చేసి, పేనుని పెరుమాళ్ని చేస్తారని మా నాన్న తమిళంలో అంటుంటారు. మేం చేసిందీ అదే. నిన్న ఆమె పక్కన కూర్చుని నా సంగతి చెప్పేశా. నవ్వింది. దువ్వెన మాత్రం ఇవ్వనంది.