కొండ ఏదే, కనబడదేం?

"ఇందులో అందరూ ఉన్నారు గానీ, కొండ ఏదే?"

పోయిన డిసెంబర్‌లో పాపికొండల ప్రయాణం ముగించుకొచ్చి, అమ్మ చేతిలో ఫోను పెడితే ఆవిడ అన్న మొదటి మాట ఇది. రెండు వందల పైచిలుకు ఫొటోలు. మా వారు, పిల్లలు, లాంచీలో పెట్టిన ఉప్మా, నా కొత్త చీర... అన్నీ ఉన్నాయి. కొండలూ ఉన్నాయి, ఉండకేం! ఎక్కడో మూల, చీమల పుట్టల్లా. పైన సగం పాలిపోయిన ఆకాశం, కింద సగం బూడిద రంగు నీళ్ళు.

అమ్మ పుట్టింది దేవీపట్నం వైపు, గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో. వాకిట్లో నిలబడితే ఏటి కవతల కొండ. పొద్దున్నే దాని మీద ఎండ ఎందాకా దిగిందో చూసి టైము చెప్పేవారట. 'అందాల రాముడు' (1973) టీవీలో వస్తే ఇప్పటికీ అమ్మ కథ చూడదు, వెనకాల కదిలే కొండల్ని చూస్తుంది. పోలవరం దగ్గర కాపర్ డ్యామ్ కట్టాక వరదొచ్చినప్పుడల్లా నీళ్ళు ఇళ్ళల్లోకి రావడం మొదలై, చివరికి ఊరే ఖాళీ అయింది. మామయ్య వాళ్ళు కాలనీకి మారిపోయారు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అన్ని నీళ్ళూ నిండిన రోజున కొండ ఉంటుంది గానీ దాని పాదాలుండవు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, రేవు దిగలేదు. "నువ్వెళ్తున్నావుగా, మన కొండని పట్టుకురా" అంది.

నేను పట్టుకొచ్చింది ఉప్మా ఫొటో.

మీకూ ఇలాగే అయి ఉంటుంది. అరకు వెళ్ళినా, ఊటీ వెళ్ళినా అక్కడ నిలబడ్డప్పుడు గుండె నిండిపోతుంది. ఇంటికొచ్చి ఫొటో చూస్తే "ఇదేనా?" అనిపిస్తుంది. తప్పు ఫోనుదనుకుని, ఇంకా ఖరీదైంది కొనమని మా వారిని పోరుదామనుకున్నాను కూడా. ముందు మా వీధి చివరి స్టూడియో ఆయనకి చూపించాను. రీళ్ళ కాలం మనిషి. ఇప్పుడు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తప్ప పెద్దగా బేరాల్లేవు పాపం. ఒక్కొక్కటే చూసి నవ్వాడాయన.

"మీరు కొండని తియ్యలేదమ్మా, కొండ ముందున్న ఖాళీని తీశారు."

విషయమేమిటంటే, మన కళ్ళు దేన్ని ఇష్టపడితే మనసు దాన్ని పెద్దది చేసి చూస్తుంది. ఫోనుకా పక్షపాతం లేదు. పైగా ఎక్కువ పడుతుంది కదా అని నేను 0.5 నొక్కాను. దాంతో దగ్గరివి పెద్దవై, దూరపు కొండలు మరీ చిన్నవైపోతాయట. కొండే కావాలంటే మామూలు 1 చాలు, ఫోనులో దూరానికి వేరే లెన్స్ ఉంటే 2 గానీ 3 గానీ నొక్కాలి. వేళ్ళతో లాగి పెద్దది చెయ్యడం మాత్రం దండగ. ఆ కత్తిరింపేదో ఇంటికొచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చు.

అంతకంటే పెద్ద పొరపాటు వేళ. నేను అమ్మ కొండని తీసింది తిరుగు ప్రయాణంలో, సాయంత్రం నాలుగున్నరకి. పడమటి ఒడ్డు కొండ కాబట్టి సూర్యుడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. ఆకాశానికి సరిపెడితే కొండ నల్లటి ముద్ద, కొండకి సరిపెడితే ఆకాశం తెల్ల కాగితం. ఎండ ఏ వైపు నుంచి పడుతోందో చూసుకోవాలని నాకు తట్టనే లేదు. అమ్మ టైము చెప్పుకున్నది పొద్దుటి ఎండతోనని తెలిసి కూడా! పొద్దున వెళ్ళేటప్పుడేమో లౌడ్‌స్పీకర్ పాటలకి పిల్లలు గంతులేస్తుంటే వాళ్ళనే తీస్తూ కూర్చున్నాను.

జనవరిలో మళ్ళీ బయల్దేరాను. "కొండ కోసం రెండోసారి టిక్కెట్టా!" అన్నారు మా వారు. అన్నారు గానీ డబ్బులిచ్చారు. ఈసారి నేనూ, మా అబ్బాయీ. ఏటికి ఎదురు వెళ్ళేటప్పుడు ఆ ఒడ్డు ఎడమ పక్కకొస్తుంది కాబట్టి ముందే ఎడమ వైపు కుర్చీలు పట్టుకున్నాం. ఫోను కన్ను చూస్తే నూనె వేలిముద్ర! ఫొటోలకి ఆ పాలిపోయిన రూపు సగం దీనివల్లే వస్తుందట. మెత్తటి నూలుబట్టతో తుడిచాను. సెట్టింగుల్లో అడ్డగీతలు పెట్టించాడు మావాడు. నీళ్ళూ ఒడ్డూ కలిసే చోటుని కింది గీత మీద ఉంచితే కొండకి చోటొస్తుంది, గోదావరి ఒక పక్కకి ఒరిగిపోకుండానూ ఉంటుంది.

మంచు విడుతోంది. ఏటవాలు ఎండకి కొండ మడతలన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. దగ్గరిది ఆకుపచ్చ, దాని వెనక నీలం, ఆ వెనకది పొగ. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో ఇవన్నీ ఒకే గోడలా కనిపిస్తాయి. లాంచీ కదులుతుంటుంది కదా, మోచేతులు రెండూ కమ్మీకి ఆనించాను. తెర మీద కొండని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి జరిపితే మబ్బులు కూడా పడ్డాయి. వరసగా పది తీశాను. బాగానే ఉన్నాయి, ఎంత కొండో మాత్రం తెలియడం లేదు. ఇంతలో ఒడ్డువారగా ఒక నాటు పడవ వస్తూ కనిపించింది. సరంగు దగ్గరికి పరిగెత్తి "బాబూ, కాస్త నెమ్మది" అంటే, ఆయన నన్ను వింతగా చూసి వేగం తగ్గించాడు. పడవ కొండ కిందికి వచ్చేదాకా ఆగి తీశాను. గింజంత పడవ, గింజంత మనిషి, వాళ్ళ పైన కొండ. అప్పుడు తెలిసింది దాని ఎత్తు.

ఇంటికొచ్చాక చేసిన దిద్దుబాటు ఐదు నిమిషాలే. కాస్త వంకర తీసి, పైన మిగులు ఆకాశం కత్తిరించి, నీడల్ని కొద్దిగా తేల్చాను. గోదావరిని స్విమ్మింగ్‌పూల్ చేసే రంగుల ఫిల్టర్ల జోలికి పోలేదు. స్టూడియోకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాను. మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గించేస్తుంది, అచ్చు వేస్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది. 12x18 సైజు, మెరుపు లేని కాగితం. పెద్దవాళ్ళ కళ్ళకి లైటు వెలుగు కొట్టదు.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని ఫొటోని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలితో కొండ మధ్యలో ఒక గీత చూపించింది.

"ఎండ ఇక్కడికొచ్చిందంటే మా నాన్న చద్దన్నానికి కూర్చునేవాడు. ఎనిమిదిన్నర."

ఫోనులో చూశాను. ఫొటో తీసిన టైము 8.41.

"మీ మామయ్యక్కూడా ఒకటి తీయించు" అంది, ఫొటో తల దగ్గర పెట్టుకుంటూ.