జలాశయాల్లో చేపల సంతానోత్పత్తి: అపోహలు – వాస్తవాలు

అపోహ: జలాశయంలో ఒకసారి చేపపిల్లలను వదిలితే అవే పెరిగి, గుడ్లు పెట్టి, తరతరాలకూ తరగకుండా ఉంటాయి.

వాస్తవం: కొట్పాడ్ ప్రాంతంలో పారే ఇంద్రావతి మీదా, కోరాపుట్ సమీపంలోని కోలాబ్ మీదా, ఆంధ్ర–ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రానికి నీరందించే జలాపుట్ దగ్గరా ఆనకట్టలు కట్టి నిలిపిన నీటిలో బొచ్చె, రోహు, ఎర్రమోసు చక్కగా పెరుగుతాయి గాని, ఆ నిలకడ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. వానాకాలపు వరద తాకినప్పుడు అవి ఎగువకు ఎదురీది, నది జలాశయంలో కలిసే చోటా దానికి పైనా గుడ్లు విడుస్తాయి. దేనికీ అంటుకోని ఆ గుడ్లు ప్రవాహంలో కొట్టుకుపోతూ, నీరు వెచ్చగా ఉంటే ఒక్క రోజులోపే పొదుగుతాయి, ప్రవాహం చాలని చోట అడుగు ఒండ్రులో దిగి పాడవుతాయి. పొదిగినంత మాత్రాన జాతి స్థిరపడినట్లు కాదు. ఆ పిల్లలు బతికి, ఎదిగి, తిరిగి గుడ్లు పెట్టినప్పుడే ఆ మాట అనగలం. ఎగువన అనువైన ప్రవాహం లేని జలాశయంలో ఏటా పిల్లలను వదలక తప్పదు, అవి కూడా వేటాడే చేపలకు సులువుగా చిక్కకుండా కనీసం పది సెంటీమీటర్ల పొడవుండాలి.

అపోహ: హేచరీలో పిల్లలు పుడుతున్నప్పుడు జలాశయంలో ఎందుకు పుట్టవు?

వాస్తవం: హేచరీలో చేపకు హార్మోను ఎక్కించి, వరదను తలపించేలా నీటిని పారిస్తారు. చేప పీయూషగ్రంథి సారంతో బొచ్చె, రోహు, ఎర్రమోసు వంటి ప్రధాన కార్పులచేత గుడ్లు పెట్టించడంలో 1957 జులై 10న ఒడిశాలోనే హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి విజయం సాధించారు. అంతకుముందు ఈ చేపల విత్తనాన్ని ప్రధానంగా నదుల నుంచే ఏరితెచ్చేవారు. ఆ ఘనత ప్రకృతిలోని వరదకు బదులు కాలేదు.

అపోహ: నిలకడ నీటిలోనూ పిల్లలు పెట్టే విదేశీ జాతులను వదిలితే చిక్కు తీరుతుంది.

వాస్తవం: 1952లో దేశానికి వచ్చిన తిలాపియా నోటిలోనే గుడ్లను పొదిగి, ఏడాదికి పలుమార్లు పిల్లలను పెడుతుంది, సంఖ్య పెరిగేకొద్దీ చేప గిడసబారి, స్థానిక జాతుల మేతకూ పోటీ అవుతుంది. నీటిమొక్కలకు గుడ్లు అంటించే మరో విదేశీ చేప బంగారుతీగ సైతం, మట్టం హఠాత్తుగా తగ్గితే ఆ గుడ్లను ఎండకు పోగొట్టుకుంటుంది.

కొత్త జలాశయంలో తొలి ఏళ్లలో మునిగిన చెట్టూ చేమా కుళ్లి నీటికి పోషకాలు చేరడంవల్ల దొరికే చేపల రాశిని శాశ్వతమనుకోవడమూ పొరపాటే.

వానలు మొదలయ్యాక జలాశయంలో నది కలిసే చోట వలలు వేయకుండా, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే తల్లిచేపలను వదిలేయాలని మత్స్యకార సంఘాలు తమకు తాముగా కట్టుబాటు చేసుకోవాలి.