కట్టూబొట్టూ చూసి కేసు

చీర కట్టుకుని నగలు పెట్టుకుని వీధిలో కనబడటం, పదిమంది ఎదుట పాడటం, ఆడటం. పోలీసు రిజిస్టరులో పేరెక్కిన హిజ్రాకి నిజాం రాజ్యంలో ఇవన్నీ నేరాలే. వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన ‘నపుంసకుల చట్టం’ అది. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

నైజాం సంగతి మన బొబ్బిలికెందుకు అనిపించొచ్చు. బొబ్బిలి జమీందారీ మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి ఆ చట్టం ఇక్కడ లేదన్నది నిజమే. కానీ 1860 నాటి శిక్షాస్మృతి ఉంది, అందులో ‘ప్రకృతి విరుద్ధ’ లైంగిక సంబంధాన్ని నేరమనే 377వ సెక్షన్ ఉంది. ఊరు వేరైనా పోలీసు చూపు ఒక్కటే: మనిషి ఏం చేశాడన్నది కాదు, ఎలా కనబడుతున్నాడన్నది.

ఆ చూపు ఎక్కడ పుట్టిందో చరిత్రకారిణి జెస్సికా హించీ పాత దస్త్రాలు తవ్వి చెప్పారు. 2019లో వచ్చిన ఆమె పుస్తకం నిండా 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఉత్తరాది హిజ్రాల పేర్లూ ఆస్తులూ పోలీసులు రాసుకున్న వైనమే. వీలునామా రాయకూడదు, ఆస్తి దానమివ్వకూడదు, మగపిల్లల్ని దగ్గర ఉంచుకోకూడదు. ఆ జనం క్రమేణా లేకుండా పోవాలన్నదే దొరల ఆలోచన.

1884లో అలహాబాద్ హైకోర్టు దాకా వెళ్లిన ఖైరాతీ కేసు చూడండి. ఆడవాళ్ల బట్టల్లో, ఆడవాళ్ల మధ్య పాడుతుంటే పట్టుకున్నారు. ఒంటిమీద వైద్యపరీక్ష చేయించి, 377 కింద శిక్ష వేశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో నేరం జరిగిందో చెప్పినవాళ్లే లేరు. చివరికి హైకోర్టు విడిచిపెట్టింది. సరిగ్గా 130 ఏళ్ల తర్వాత, ట్రాన్స్‌జెండర్ల హక్కుల్ని గుర్తించిన 2014 ఏప్రిల్ 15 తీర్పులో సుప్రీంకోర్టు ఖైరాతీని తలుచుకుంది. అల్మారాలో మూలుగుతున్న కాగితం న్యాయానికి సాక్ష్యమైంది. పరిశోధన ఎందుకు అనేవాళ్లకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాలతో కలిసిమెలిసి తిరిగి, వాళ్ల బతుకుల మీద మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి 2005లో పుస్తకం తెచ్చారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కర్ణాటక శాఖ 2003 నివేదిక బెంగళూరు ఠాణాల్లో జరిగే అక్రమ నిర్బంధాన్నీ లైంగిక హింసనూ వసూళ్లనూ బాధితుల నోటితోనే చెప్పించింది. హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. ఠాణా గదిలో ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు అది చదవాలి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసిన పెద్దల్ని 377 నుంచి తప్పించింది. బలవంతం చేసినవాళ్లకి మాత్రం ఆ సెక్షన్ మిగిలింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయసంహితలో అదీ లేదు. అత్యాచారం సెక్షన్ స్త్రీ మీద పురుషుడు చేసిన నేరానికే. దానికి కనీసం పదేళ్లు శిక్ష. ట్రాన్స్‌జెండర్ల రక్షణకని 2019లో చేసిన చట్టం లైంగిక హింసకు ఆరు నెలల నుంచి రెండేళ్లు అంది. ఒకే ఘోరానికి, బాధితురాలెవరో చూసి ఇంత తేడానా? ఇది రక్షణ కాదు, చిన్నచూపు.

ఇక మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. ఇద్దరు యువతులు కలిసి బతుకుతామంటే కన్నవాళ్లు అడ్డుపడ్డ కేసులో, మేజరైన అమ్మాయి తన ఇష్టప్రకారం ఉండొచ్చని 2024 డిసెంబరులో చెప్పింది. 2025 జూన్‌లో మరో అడుగు. పిల్లల్ని కనలేదు గనక ట్రాన్స్ మహిళ స్త్రీ కాదు, 498ఏ కింద భర్త మీద కేసు పెట్టలేదు అని అత్తింటివాళ్లు వాదించారు. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదన తోసిపుచ్చారు. తగిన ఆధారాల్లేక ఆ కేసు నిలవలేదు గానీ సూత్రం నిలిచింది. గృహహింసకు స్త్రీ అయిన మనిషి అత్యాచారానికి ఎందుకు కాదో రేపు ఏదో ఒక కోర్టు తేల్చక తప్పదు.

ఈ తీర్పు బొబ్బిలి ఠాణాకీ వర్తిస్తుంది. అయినా ఎఫ్‌ఐఆర్ ఫారంలో ఫిర్యాదుదారు పేరు కిందే ‘తండ్రి లేక భర్త పేరు’ అని ఒక గడి ఉంటుంది. ఇంట్లోంచి గెంటేస్తే గురువు నీడన బతుకుతున్న మనిషి అక్కడ ఎవరి పేరు చెప్పాలి? రాయగడ పాసింజరులో హిజ్రాకి పది రూపాయలిచ్చి నెత్తిన చేయి పెట్టించుకునే మనం, ఆ చేయి ఠాణా మెట్ల దగ్గర ఎందుకు వణుకుతుందో ఎప్పుడైనా అడిగామా?

నేను పైన చెప్పిన పరిశోధనంతా హైదరాబాదు, బెంగళూరు, ఉత్తరాది దస్త్రాలది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ ఉంది, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పిల్లలు రైలెక్కి బొబ్బిలి, పార్వతీపురం రావాలి. ఫిర్యాదు ఇవ్వబోయి వెనక్కొచ్చినవాళ్లు చెప్పేది, పేర్లు బయటపడకుండా, రాసుకోవాలి. 2014 తీర్పుకు దారితీసిన కేసు వేసింది జాతీయ న్యాయసేవాధికార సంస్థ. దాని శాఖలు మండల స్థాయి దాకా ఉన్నాయి. వాళ్లు హిజ్రాల ఇళ్లకు వెళ్లి ఈ తీర్పులు తెలుగులో చదివి వినిపించాలి. మీకు తెలిసినవాళ్లెవరైనా ఠాణా గడప తొక్కడానికి జంకుతుంటే ఉచిత న్యాయసహాయం నంబరు 15100 ఇవ్వండి. వీలైతే తోడు వెళ్లండి.